జుట్టు ఊడితే ఊరంతా వైద్యులే

జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లమంటారు. కాలు బెణికితే కట్టు కట్టించుకోమంటారు. ఆడదాని జుట్టు ఊడితే మాత్రం ఎవరూ ఎక్కడికీ వెళ్లమనరు, వైద్యులే మన దగ్గరికి వచ్చేస్తారు. నా జుట్టు పల్చబడుతోందన్న సంగతి నాకంటే ముందు లిఫ్టులో నా వెనక నిలబడే మూడో అంతస్తు పిన్నిగారికి తెలిసింది. "పాపిడి వెడల్పయిందేమిటే అమ్మాయ్!" అన్నారావిడ, రోడ్డు విస్తరణ పనులు చూడ్డానికొచ్చిన కౌన్సిలరులా.

ఆ సాయంత్రానికే మందులు మొదలయ్యాయి. మా అత్తగారు గుంటగలగరాకు, మందారాకు, కరివేపాకు, మెంతులు వేసి కొబ్బరినూనె కాచారు. ఎవరింట్లోనో పోపు మాడిపోతోందని కింద నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. మా ఆడపడుచు ఉల్లిరసం పట్టించమంది. పట్టించి, రుద్ది రుద్ది తలంటుకుని ఆఫీసుకెళ్తే, నా చుట్టుపక్కల వాళ్లకి పదకొండింటికే ఆకలేసి క్యారియర్లు తెరిచారు. పిన్నిగారు కోడిగుడ్డు అన్నారు గానీ, మా అత్తగారు గుడ్డును గుమ్మం దాటనివ్వరు కాబట్టి ఆ ఒక్క అభిషేకం తప్పింది. మా ఆయన కూడా ఓ సలహా ఇచ్చారు. ఆయన నెత్తి చూసినవాళ్లెవరూ ఆ సలహా ఏమిటని అడగరు.

ఇంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్నని చర్మవ్యాధుల డాక్టరమ్మ అడిగింది. "మూడు నెలల కిందట మీకేమైంది?" నా జుట్టేమో ఈ ధనుర్మాసంలో ఊడుతోంది, ఆవిడేమో వినాయక చవితి గురించి అడుగుతోంది. చవితికి నేను డెంగీతో మంచమెక్కిన మాట నిజమే. వినడానికి బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టే ఉంది గానీ, ఈ ముడి గట్టిదే.

తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయట. ఒక్కోటి రెండేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా పెరుగుతుంది. ఆ పైన రెండు మూడు వారాల్లో దుకాణం సర్దేసి, మరో మూడు నెలలు కుదుట్లో ఊరికే కూర్చుని, ఆ తర్వాత రాలిపోతుంది. ఎవరి వంతు వాళ్లది కాబట్టి రోజుకు 50 నుంచి 100 దాకా రాలినా మనకు తెలియదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరమో, కాన్పో, ఆపరేషనో, పెళ్లిలో సన్నగా కనబడాలని కడుపు మాడ్చుకోవడమో జరిగినప్పుడు మాత్రం, ఒళ్లు ప్రాణం నిలబెట్టే పని చూసుకుని జుట్టు పని పక్కన పెడుతుంది. పెరగాల్సిన వెంట్రుకలు మూకుమ్మడిగా సెలవు పెట్టేస్తాయి. అలా పెట్టినవి రాలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే జ్వరం నాడు జడ నిక్షేపంగా ఉంటుంది, జ్వరం మాట మరిచిపోయాక బాత్రూం జాలీ మూసుకుపోతుంది. ఈలోగా నేరం బోరు నీళ్ల మీదా, షాంపూ మీదా, ఎదురింటావిడ దిష్టి మీదా పడిపోతుంది.

ఇలా ఊడేది చాలామందిలో ఆరు నెలల్లోపు దానంతటదే తగ్గుతుంది. ఇంటి వైద్యాల విజయగాథలన్నీ ఇక్కడే పుట్టాయని నా అనుమానం. ఊడడం మొదలైన కొన్ని నెలలకు ఎలాగూ తగ్గుతుంది, ఆ వేళకు ఏ సీసా చేతిలో ఉంటే పేరంతా దానిది. మా ఇంట్లో ఆ పేరు గుంటగలగరాకుకి వచ్చింది. ఉల్లిరసం మధ్యలో మానేశాను కాబట్టి కానీ, లేకపోతే విజయం తనదేనని మా ఆడపడుచు ఇప్పటికీ అంటోంది. డాలస్‌లో కాన్పయిన మా తోడికోడలికి జుట్టు గుప్పెళ్లతో వస్తోందని తెలిసి, అత్తగారు రెండు సీసాలు గట్టిగా మూతలు బిగించి పంపారు. ఇంకొన్ని నెలల్లో ఆ నూనె అమెరికాలోనూ గెలుస్తుంది. గెలవక చస్తుందా!

నూనెను మరీ తీసిపారేయకూడదు లెండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటేటప్పుడు అందులోని ప్రొటీను పోకుండా కొంత కాపాడుతుంది, తెగడం తగ్గుతుంది. కుదురుకు మాత్రం ఆ సంగతి తెలియదు.

డాక్టరమ్మ రాసిన పరీక్షలు మూడే: రక్తం ఎంతుంది, ఇనుము నిల్వ ఎంతుంది, థైరాయిడ్ ఎలా ఉంది. నెలసరి తప్పుతోందా, మొటిమలొస్తున్నాయా అని కూడా అడిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. ఆశ్చర్యమేముంది? అందరికీ వడ్డించి, చివర్న గిన్నెకి అంటుకున్న కూరతో తిని, వెంటనే కాఫీ తాగుతాం. తిన్న కూరలో కాస్తో కూస్తో ఉన్న ఇనుమును ఆ కాఫీ ఒంటబట్టనివ్వదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా ఒంటబడుతుంది. నాకు అప్పుడనిపించింది, కరివేపాకు, మెంతులు, ఆఖరికి పిన్నిగారి గుడ్డుతో సహా, నెత్తికి పెట్టమన్న సరుకులో ముప్పాతిక వంతు నోటికి పెట్టాల్సిందని. ఇనుము మాత్రలు మాత్రం పరీక్ష చూశాకే వేసుకోవాలి, పిన్నిగారి మాట మీద కాదు.

పిన్నిగారంటే గుర్తొచ్చింది. ఆస్పత్రిలో నా ముందు టోకెన్ ఆవిడదే. నెత్తి మీద కొంగు కప్పుకుని, "చేతికి దురదే అమ్మాయ్" అన్నారు, నేనడక్కుండానే.

ఆవిడ దురద సంగతి నాకనవసరం గానీ, జ్వరంతో నిమిత్తం లేకుండా నడినెత్తిన ఏళ్ల తరబడి పల్చబడేది ఇంకో రకం. 1977లో లుడ్విగ్ అనే డాక్టరు దాన్ని మూడు మెట్లుగా విడగొట్టాడు. అది నూనెకూ లొంగదు, ఓపికకూ లొంగదు. దానికి వాడే మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. బీపీ తగ్గడానికి వేసుకున్నవాళ్లకి అక్కర్లేని చోటల్లా వెంట్రుకలు మొలవడంతో కంపెనీ వాళ్లు దాన్ని తలకు రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో మగవాళ్ల బట్టతలకు అనుమతి దొరికింది. అలవాటు ప్రకారం ఆడవాళ్ల వంతు ఆ తర్వాతే. రాసిన మొదటి కొన్ని వారాలు జుట్టు ఇంకాస్త ఎక్కువ ఊడొచ్చు, చాలామంది అక్కడే సీసా విసిరికొడతారు. మానేస్తే వచ్చిందీ పోతుంది. గర్భిణులు దాని జోలికి పోకూడదు. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడినా, మాడు మండుతూ ఊడినా, ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డాక్టరుకు చూపించాలి.

జడంటే మనకున్న మోజు తక్కువా! భామాకలాపంలో సత్యభామ తెర మీంచి జడ వేసి సవాలు విసురుతుంది. ఆ పాత్రకు పెట్టింది పేరు వేదాంతం సత్యనారాయణ శర్మగారు, అంటే తెలుగువాళ్లు మురిసిపోయి చూసిన జడ ఓ మగాయన వీపు మీద ఆడింది. అందులో సవరం వాటా ఎంతని ఎవరూ అడగలేదు. మనల్ని మాత్రం లిఫ్టులో అడుగుతారు. చిన్నప్పుడు బడికి వెళ్తుంటే కళ్లు పైకి గుంజుకుపోయేలా రెండు జడలు బిగించి రిబ్బన్లు కట్టేది మా అమ్మ. అలా ఏళ్ల తరబడి లాగి కడితే కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతుందని, అది మరీ ముదిరితే తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పాక, మా అమ్మాయి జడ వదులుగా వేస్తున్నాను. "జడా అది, కొబ్బరిపీచా?" అని మా అమ్మ ఫోనులోనే సణుగుతోంది.

ఉగాదికల్లా నాకు ఊడడం తగ్గింది. నుదుటి మీద పిల్లవెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నూనె వల్లనా, ఇనుము మాత్రల వల్లనా, లేక తగ్గే వేళయి తగ్గిందా అని ఇంట్లో చర్చ సాగుతుండగా, అత్తగారు మూడింటినీ కొట్టేసి అసలు హక్కుదారును బయటపెట్టారు. కోడలి జుట్టు ఊడడం ఆగితే కల్యాణకట్టలో ఆ జుట్టే ఇప్పిస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నారట. "గుండు కొట్టిస్తే ఇంకా ఒత్తుగా వస్తుందమ్మాయ్" అని ఓదార్పు కూడాను. కుదుళ్ల సంఖ్య కత్తితో పెరగదని, మొన కోసుకుపోయి మొద్దుగా ఉండడం వల్ల అలా అనిపిస్తుందని చెప్పి చూశాను. స్వామికి ఇచ్చిన మాట ముందు డాక్టరు మాట ఏపాటి? ప్రస్తుతం గుండుకు బదులు మూడు కత్తెరలకు ఒప్పించాలని బేరమాడుతున్నాను.