8 దిద్దితే చాలు!

మన దగ్గర బైకు లైసెన్సంటే కాలు కింద పెట్టకుండా 8 అంకె దిద్దడమే. అరవై స్పీడులో పోతుండగా గేదె అడ్డొస్తే బ్రేకెలా వేయాలో ఆ టెస్టు మైదానంలో అడిగే నాథుడే లేడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైన 1,68,491 మందిలో 74,897 మంది టూవీలర్ల మీదివాళ్లే. 125 సీసీ దాటిన బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అంటే, బ్రేకేస్తే బిగుసుకుపోవద్దని చక్రానికి పాఠం చెప్పేశాం. ఇక నడిపేవాడే మిగిలాడు. ముందుముందు మరిన్ని చోట్లకు సిమ్యులేటర్లు, సెన్సర్ల ట్రాకులూ వస్తాయట. రానివ్వండి! ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతావురా అని నేర్పిన బాబాయే ఇప్పటికీ మన చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. ఆయన హెల్మెట్ మోచేతికి వేలాడుతుంటుంది. చౌరస్తాలో పోలీసు కనబడితేనే తలకెక్కుతుంది.