చిన్న గేరు ఆత్మకథ

మహీంద్రా థార్ బండిలో డ్రైవరు ఎడమచేతి దాపున రెండు గేరు రాడ్లు ఉండును. పెద్దదానిని అందరును ఎరుగుదురు. పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు జాతీయ రహదారిపై లారీల నడుమను, కంపెనీ బస్సుల నడుమను అది క్షణమైన విశ్రాంతి లేక పనిచేయుచుండును. దాని ప్రక్కను పొట్టిగా నిలిచియుండు రెండవదానను నేను. టూ హెచ్, ఫోర్ హెచ్, న్యూట్రల్, ఫోర్ ఎల్ అను నాలుగు స్థానములు నా శిరస్సుపై గుర్తింపబడియున్నవి. నా క్రింద ట్రాన్స్‌ఫర్ కేసు అను పెట్టె గలదు. ఇంజనులో పుట్టిన శక్తిని వెనుక చక్రములకు మాత్రమే పంపుటకును, ముందు చక్రములకును పంచి యిచ్చుటకును, వేగమును తగ్గించి బలమును సుమారు రెండున్నర రెట్లు హెచ్చించుటకును ఆ పెట్టెయే సాధనము. వీనిలో ఏది ఎప్పుడు కావలెనో నిర్ణయించు అధికారమును మనుష్యుని అరచేతిలో నుంచుటకై నేను పుట్టితిని.

నా వంశమునకు ఎనిమిది దశాబ్దములకు మించిన చరిత్ర కలదు. 1940వ సంవత్సరమున అమెరికా సైన్యము, తేలికగా నుండి, నాలుగు చక్రములతోను నేలను పట్టి లాగగల చిన్న బండి కావలెనని కోరగా, బాంటమ్ అను కంపెనీ కొన్ని వారములలోనే మొదటి నమూనాను నిర్మించి యిచ్చెను. పిదప విల్లీస్, ఫోర్డు కంపెనీలు అట్టి బండ్లను లక్షల సంఖ్యలో తయారుచేసినవి. ఆ జీపులలో మావారు జంటగా నుండెడివారు: ముందు చక్రములను కలుపుటకు ఒకరు, హై-లో మార్చుటకు మరొకరు. స్వాతంత్ర్యము వచ్చిన దినములలో బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపుల విడిభాగములను తెప్పించి బిగించుట ప్రారంభించిరి. ఆ జీపులే తాలూకా కచేరీలకును, అటవీశాఖకును, పోలీసు ఠాణాలకును, 1952లో మొదలైన సమాజాభివృద్ధి పథకపు బ్లాకు ఆఫీసులకును చేరినవి. తారు రోడ్డు మొగమెరుగని పల్లెలకు ప్రభుత్వోద్యోగి వానకాలమునందు సైతము చేరగలిగెనన్నచో అందు నా పూర్వుల పాలు కొంత యున్నదని నా నమ్మకము. మా బండి 2020 అక్టోబరు 2న విడుదలయిన రెండవ తరపు థార్ జాతికి చెందినది; జన్మస్థానము నాసిక్. అప్పటికి మా జంట ఒక్కటై, రెండు పనులును ఒక్క రాడ్డుకే సంక్రమించినవి. ఈనాటి కొన్ని బండ్లలో నా పనిని ఒక స్విచ్చి చేయుచున్నది. స్విచ్చి చేయు పని తక్కువదని నేననను. కాని పంటిలో పన్ను కుదురుకొన్న స్పర్శ అరచేతికి నేరుగా తెలియుటలో ఒక భరోసా గలదు. బురదలో నున్నవానికి ఆ భరోసా విలువ తెలియును.

నా యజమాని పాశమైలారము పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీయందు మెయింటెనెన్స్ ఇంజనీరు. కాపురము పటాన్‌చెరులో, పిత్రార్జితమైన పొలము నారాయణఖేడు వైపున, సింగూరు జలాశయపు వెనుకనీటికి చేరువలో. మంజీరపై కట్టిన ఆ సింగూరు సుమారు 30 టి.ఎం.సి.ల నీటిని పట్టుకొనును. దాని ఒడ్డు పొలములన్నియు నల్లరేగడి. 2023 దసరాకు ముందు ఆయన ఇంట జరిగిన చర్చలన్నియు తరువాతి ప్రయాణములలో మరల మరల చెప్పుకొనబడుటచే నాకును కంఠస్థములైనవి. కావలసినది ఒక్క బండియే. ఆరు దినములు ఇస్నాపూర్ చౌరస్తా రద్దీలో అది నడవవలెను. అమ్మగారిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పిల్లలిద్దరును వెనుక కూర్చుండవలెను. ఏడవ దినమున వానపడిన రేగడిలో ఎరువు బస్తాలతో పొలము చేరి, చీకటి పడకమున్నే మరలిరావలెను.

సెకండ్ హ్యాండు జిప్సీని మొదట చూచిరి. 1985లో పుట్టి మూడు దశాబ్దములకు పైగా సైన్యమును, పోలీసులను సేవించిన ఆ జాతిపై నాకు అపారమైన గౌరవము కలదు. దాని తేలికదనమే దాని బలము, ఇతరులు కూరుకొనిపోవు చోట అది పైపైన దాటిపోవును. అయినను ఎయిర్‌బ్యాగులు లేని, కమాను కట్టల కుదుపు వెన్నునంటు ఆ బండిలో పిల్లలను కూర్చుండబెట్టి ప్రతిదినము లారీల నడుమ నడపుమని నేను చెప్పజాలను. ఫోర్స్ గూర్ఖాకు ముందు ఇరుసునకును, వెనుక ఇరుసునకును లాకులు గలవు. కొండబండలలో దానికి సాటి అరుదు. ఆఫీసుకు పోయివచ్చు నిత్యప్రయాణమునకు మాత్రము అది బరువైన చుట్టము. మారుతి జిమ్నీ నిజమైన ప్రత్యర్థి: నిచ్చెన వంటి ఉక్కు చట్రము, లో గేరు, ఐదు తలుపులు, తూకమున మాకంటె ఎంతో తేలిక, ఇరుకు సందులలో సుఖమైన మలుపు. యజమాని దానిని రెండు మారులు నడిపి చూచెను. కాని దాని ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఇంజను టార్కు 134 న్యూటన్ మీటర్లు. మా రెండుంబావు లీటర్లకు కొంచెము తక్కువైన డీజిలు ఇంజనుది 300. నలుగురు మనుష్యులతోను బస్తాలతోను గట్టు ఎక్కవలసినవానికి ఆ అంతరము చిన్నది కాదు. ఎరువు బస్తాలు లేని సంసారమునకైనచో జిమ్నీయే సుఖమని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

ఇక మిగిలినది అమ్మగారి మోకాలు. షోరూము ముంగిట బండి మెట్టును ఆమె చాలసేపు చూచినది.

“కొడుకా, గింత ఎత్తుకు నేనెట్ల ఎక్కుత?”

“ముంగట కూసో అమ్మా, ఈ పిడి పట్టుకో. నేను పట్టుకుంట.”

ఎక్కినది, దిగినది, మరల ఎక్కినది. క్రింద మరియొక మెట్టు బిగించిన పిదపనే ఆమె ఔనన్నది. మూడు తలుపుల థార్‌లో వెనుకకు పోవలెనన్న ముందు సీటు మడిచి దూరవలెను. పిల్లలకు అది వేడుక, పెద్దలకు శ్రమ. ఇంట ఐదుగురున్నవారు ఈ బండిని కొనరాదు, సీట్లు నాలుగే. చిత్రములలోని అందమును చూచి తొందరపడువారు ఇంటిల్లిపాదిని షోరూమునకు తీసికొనిపోయి ఎక్కించి దింపి చూడవలెనని నా మనవి. నేలనుండి 226 మిల్లీమీటర్ల ఎత్తు రాళ్లకు ఎంత మేలో ముసలి కాళ్లకు అంత కష్టము.

నన్నెరుగుటకు ముందు ఈ నేలనెరుగవలెను. 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ సంస్థను స్థాపించిన శాస్త్రజ్ఞులకు ఈ చోటు నచ్చుటకు ఒక ముఖ్య కారణము, ఎర్రనేలయు నల్లనేలయు ఒకే ప్రాంగణమున లభించుట. జొన్నకును, సజ్జకును, కందికిని, శనగకును ముఖ్యమైన ఆ భేదమే చక్రమునకును ముఖ్యము. ఎర్రనేల నీటిని త్వరగా ఇంకించుకొనును. వాన వెలిసిన కొంతసేపటికే వెనుక చక్రముల బండి సైతము దానిపై నడచును. రేగడిలోని బంకమన్ను నీరు త్రాగి ఉబ్బును. ఎండిన వేసవిలో చేయి పట్టునంత నెరలు విచ్చిన నేలయే శ్రావణమున జారుడు ముద్దయై, టైరు గాడులను నింపి నునుపు చేసివైచును. అంతట ఒక చక్రము పట్టు తప్పి గిరగిర తిరుగును, డిఫరెన్షియల్ స్వభావముచేత శక్తియంతయు ఆ తిరుగు చక్రమునకే పోవును, రెండవది కదలక నిలుచును. అట్టివేళ గట్టిగా యాక్సిలరేటరు త్రొక్కినవాడు తన గోతిని తానే త్రవ్వుకొనును.

ఎద్దుమైలారము ఆయుధ కర్మాగారము ఈ జిల్లాలోనే కలదు. అచట తయారగు సరథ్ సాయుధ శకటము పదునాలుగు టన్నుల బరువుండియు మెత్తని నేలపై సాగిపోవుట, ఆ భారము వెడల్పైన ఇనుప పట్టాలపై పరచుకొనుటవలననే. మాకు పట్టాలు లేవు. నాలుగు టైర్ల అడుగున అరచేతులంత ముద్రలే ఆధారము. ఆ ముద్రను పెద్దది చేయుటకు ఖర్చులేని ఉపాయము గాలి తగ్గించుట. రేగడి అంచున ఆగి, గాలిని ముప్పది పౌండ్ల నుండి ఇరువదికి దింపి, మరల తారు ఎక్కగానే చిన్న కంప్రెసరుతో నింపుకొనువాడు నన్ను సగము శ్రమనుండి తప్పించును.

పత్తి పూతకు వచ్చిన దినములలో ఒక సాయంకాలము, మేము పొలమునుండి బయలుదేరు వేళకు వాన కుండపోతగా కురిసెను. బండ్లబాట చాళ్లలో నీరు నిలిచెను. యజమాని పూర్తిగా ఆగి, క్లచ్చి త్రొక్కి, నన్ను ఫోర్ ఎల్ స్థానమునకు లాగెను. పళ్లు కుదిరిన చప్పుడు నాకును ఆయనకును ఒక్కసారే తెలిసెను. రెండవ గేరులో బండి మనిషి నడక వేగమున కదలెను. గట్టుపై గొంగడి కప్పుకొని నిలిచిన ఒక వృద్ధుడు కేక వేసెను: “బిడ్డా, ఆపకు! గట్లనే నిమ్మళంగ పోనియ్యి!” ఆయన ఎడ్లబండ్ల కాలమున నేర్చిన విద్యయే మా విద్యయు. వెనుక ఎడమ చక్రము జారబోగా వెనుక ఇరుసు లాకు దానిని ప్రక్కదానితో కలిపి పట్టెను. ముందు చక్రములు నెమ్మదిగా లాగుచునే యుండెను. చక్రములు కాదు, బండి కడుపు చాళ్ల నడిమి గట్టుపై కూర్చున్నచో నేను గాని లాకు గాని చేయగలది లేదు; అప్పుడు జహీరాబాదులో పుట్టిన మా దాయాది మహీంద్రా ట్రాక్టరే దిక్కు. ఆ సాయంకాలము ఆ అవసరము రాలేదు. దారిలో వాగు పొంగుచుండగా మాత్రము యజమాని బండిని ఆపి, నీరు తగ్గువరకు ఇవతలి ఒడ్డుననే కూర్చుండెను. ఈ బండి 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడచునని కంపెనీ పత్రము చెప్పును. ప్రవాహపు వేగమును గూర్చి ఆ పత్రమున లెక్క లేదు. ఆయన అట్లు కూర్చున్నందుకు నేనాయనను మరింత గౌరవించితిని.

తారుపై నన్ను కదపరాదు. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము పోవును. మా బండిలో ఆ తేడాను సర్దు మధ్య డిఫరెన్షియల్ లేదు. బురదలో చక్రము కొంచెము జారి ఆ తేడాను తానే సర్దుకొనును; ఎండిన తారుపై జారలేక, ఇరుసులు మెలిపడి, నా పళ్లు బిగుసుకొనిపోవును. ఒకసారి యజమాని మేనల్లుడు ఫోర్ హెచ్‌లో ఉంచియే ఔటర్ రింగు రోడ్డెక్కగా స్టీరింగు బరువెక్కి, మలుపులలో బండి ఎగిరెగిరి పడినది. కొంత వెనుకకు నడిపినగాని నేను విడివడలేదు. అట్లని నన్ను మరచుటయు మంచిది కాదు. నెలకొకమారైన మట్టిబాటపై కొన్ని కిలోమీటర్లు ముందు చక్రములను కలిపి నడిపినచో లోపలి భాగములకు నూనె అందును.

నిత్యజీవితమును, బాటను కలుపునది నిజమునకు టైరే. సదాశివపేట చెంత ఎం.ఆర్.ఎఫ్. ఫ్యాక్టరీ గేటు దాటునపుడెల్ల యజమాని ఈ మాటయే ఎత్తును. లోతు గాడుల మడ్ టైర్లు రేగడిలో రాజులు. తారుపై మ్రోత, తడిసిన కాంక్రీటుపై బ్రేకునకు తక్కువ పట్టు, డీజిలు ఖర్చు హెచ్చు. ఆయన ఆల్ టెర్రైన్ టైర్లతో ఆగెను; ఆయన చేసిన పనులలో ఇది నాకు మిక్కిలి నచ్చినది. బండిని పైకి లేపి, చట్రము దాటి పొడుచుకొనివచ్చు చక్రములు తగిలించువారు రహదారిపై అదుపును పోగొట్టుకొందురు. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను కూడ అట్టి మార్పులను సమ్మతింపదు.

మొన్న సంక్రాంతికి యజమాని బావగారు వచ్చి ముందు సీటున కూర్చుండి, నన్ను చేతితో తడిమి, “బామ్మర్దీ, నేను గూడ థార్ తీసుకుందామనుకుంటున్న. ఈ ఫోర్ బై ఫోర్ లేనిది వస్తదట, లక్షలు తక్కువట. ఏది తీసుకోమంటవ్?” అని యడిగెను. 2023 జనవరిలో విడుదలయిన ఆ వెనుక చక్రముల థార్‌లో నా స్థానమున చిన్న అర యుండును.

“బావా, మీ పొలం కోహీర్ల గదా? ఎర్రమట్టి. జామతోట దాకా తారు రోడ్డేనాయె.”

“అవ్ మల్ల.”

“అయితే మీకు ఈ గేరుతోటి పనిలేదు. ఆ పైసలు తోటకు డ్రిప్పు పైపులకు పెట్టుండ్రి. అక్కను గూడ షోరూముకు తీస్కపోయి, ఎక్కి దిగి చూడుమనుండ్రి.”

నన్ను వలదన్న ఆ సలహాను నేను మనఃపూర్వకముగా సమర్థించితిని. బావగారు మాత్రము ఇంకను నన్ను పట్టుకొనియే, మరునాడు రేగడి పొలము చూచి వత్తమనిరి.