కొమ్ములు తిరిగిన కుర్రాడు

క్యాట్ గట్టెక్కిన ఆర్మూరు కుర్రాడు ఐఐఎం ఇంటర్వ్యూ కోసం హైదరాబాద్‌లో ఓ కోచింగ్ సెంటర్లో తర్ఫీదు పొందుతున్నాడు.

కుర్చీలో కూర్చోవడం నేర్పారు. పళ్లు కనబడకుండా నవ్వడం నేర్పారు. ‘మీ ఊరి గురించి చెప్పండి’ అంటే ఏం చెప్పాలో కూడా రాసిచ్చారు. సొంతూరి మీద నోట్సు... జీఎస్టీ అదనం!

మనోడు బట్టీ కొట్టేశాడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో పసుపు బోర్డు కోసం 178 మంది రైతులు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు. పసుపు రంగుకు కారణం కర్‌క్యుమిన్. అన్నీ గడగడా!

నమూనా ఇంటర్వ్యూలో ఓ పెద్దాయన అడిగాడు: ‘పసుపు కొమ్ముకూ మండకూ తేడా ఏంటి బాబూ?’

ఏసీ గదిలో చెమటలు.

‘అది నోట్సులో లేదు సార్!’

రాత్రి ఇంటికి ఫోన్. బాపు కల్లం కాడున్నాడు.

‘కొమ్ము అమ్మి నీ కోచింగ్‌కు కట్టిన. మండ అమ్మి హాస్టల్‌కు కట్టిన. గదే తేడా బిడ్డా!’

మర్నాడే ఆ జవాబు సెంటర్ వాళ్ల నోట్సుకెక్కింది.

ఫీజు కూడా పెరిగింది.