బ్యాంకాక్ అయిపోయింది

"మాకు బ్యాంకాక్ అయిపోయిందండీ, ఇక బాలీ మిగిలింది." పెళ్లి భోజనాల దగ్గరా, అపార్టుమెంటు లిఫ్టుల్లోనూ ఈ మాట వినని తెలుగువాడు ఈ మధ్య అరుదు. 1782 నుంచి రాజధానిగా వెలుగుతున్న ఊరు, శివార్లతో కలిపి కోటి దాటిన జనం, ఒక పెద్ద నది, లెక్కలేనన్ని కాలువలు, వందల గుళ్లు. అన్నీ ఒక జంట చేతిలో అయిదు పగళ్లలో అయిపోయాయి. నిజానికి అయిదు కూడా కాదు. రెండు పట్టాయాకు పోయాయి. ఒకటి సఫారీ వరల్డ్‌లో జిరాఫీలకు అరటిపళ్లు అందించడానికి పోయింది. ఒకటి తిరుగు ప్రయాణానిది. మిగిలినదాంట్లో సగం పట్టాయా నుంచి వ్యానులో కునుకు తీస్తూ వచ్చేసరికే హరించుకుపోయింది. బ్యాంకాక్ అయిపోయింది ఆ తరువాతి సగం పూటలో.

భార్యతో బ్యాంకాక్ వెళ్తున్నానంటే "భార్యతోనా?" అని వెకిలిగా నవ్వే పెద్దమనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. అతగాడి భూగోళంలో థాయ్‌లాండ్ అంటే ఒకే ఒక్క వీధి. వెక్కిరించడానికి ఇక మనమెందుకు, ఆ పని ఆ నవ్వే చేసిపెడుతోంది. నా గొడవ గౌరవంగా జంటగా వెళ్లి, టోపీలు పెట్టుకుని తిరిగొచ్చి, "మొత్తం కవర్ చేశాం" అనే వాళ్లతో. కొత్త దంపతులు హోటల్ గది గుమ్మం దాటకుండా నాలుగు రాత్రులూ గడిపినా నాకే అభ్యంతరమూ లేదు. నది ఒడ్డున కొబ్బరిబోండాం తాగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వచ్చేస్తే ఇంకా సంతోషం. చూశామని చెప్పుకోనంతవరకు ఎవరేం చూడకపోయినా నష్టం లేదు.

2023 నవంబరు నుంచి మనవాళ్లకు వీసా అక్కర్లేదని థాయ్‌లాండ్ ప్రకటించాక ఈ చూపుల వ్యాపారం ఇంకా ఊపందుకుంది. ప్యాకేజీ కాగితంలో "హాఫ్ డే సిటీ టూర్" అని ఒక పంక్తి ఉంటుంది. రెండు గుళ్లు, ఒక జెమ్స్ గ్యాలరీ. గుళ్లలో మొదటిది చైనాటౌన్ అంచున ఉన్న వాట్ ట్రైమిట్. అక్కడి బంగారు బుద్ధుడి బరువు అయిదున్నర టన్నులు. ఆ విగ్రహాన్ని ఎన్నో తరాల కిందట ఎవరో సున్నపు పూత పూసి దాచారు. దాచినవాళ్లూ పోయారు, దాచిన సంగతీ మరుగున పడింది. అందరూ దాన్ని మామూలు బొమ్మే అనుకున్నారు. 1955లో కొత్త చోటికి ఎత్తుతుంటే తాళ్లు తెగి కిందపడి, పూత పగిలి, లోపలి రంగు బయటపడింది. ఇంత కథ గైడు చెప్పీ చెప్పకముందే మనవాళ్ల పెదవులు కదులుతుంటాయి. ప్రార్థన అనుకునేరు. తులం పది గ్రాముల చొప్పున అయిదున్నర లక్షల తులాలు, ఇంటూ ఇవాళ్టి రేటు! సర్వం త్యజించిన రాజకుమారుడికి మనవాళ్లు కట్టే వెల అది. తరుగు, మజూరీ అదనం.

ఆ గుడికి పదిహేను నిమిషాలు. తరువాత వచ్చే నగల దుకాణానికి గంటన్నర. ఈ లెక్క ఎవరూ పొరపాటున వేసింది కాదు. ఏజెంటుకు, గైడుకు, వ్యానుకు కమీషన్ ఎక్కడ పుడుతుందో మజిలీ అక్కడే సాగుతుంది. చైనా బృందాలను దాదాపు ఊరికే తెచ్చి, ఆ నష్టాన్ని దుకాణాల్లో పిండుకునే కంపెనీల మీద 2016లో థాయ్ ప్రభుత్వం విరుచుకుపడింది. మనవాళ్లు మాత్రం ఊరికే వెళ్లరు. డబ్బు కట్టి మరీ పిండించుకుంటారు.

ప్యాకేజీ వద్దనుకుని సొంతంగా బయల్దేరిన జంటకేమైనా మోక్షముందా అంటే, గ్రాండ్ ప్యాలెస్ గోడ దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు ఎదురవుతాడు. "అయ్యో, ఇవాళ ప్యాలెస్ మూసేశారే, ఏదో పూజ ఉంది" అని ఎంతో జాలిపడి, కారుచౌకగా ఊరంతా తిప్పే టుక్‌టుక్ ఒకటి మాట్లాడిపెడతాడు. ప్యాలెస్ లోపల తెరిచే ఉంటుంది. టుక్‌టుక్ మాత్రం నగల దుకాణం ముందు ఆగుతుంది. దశాబ్దాలుగా నడుస్తున్న మోసమిది, హెచ్చరికలు లేని గైడుపుస్తకం దొరకదు. ప్యాకేజీలో వెళ్లినా మోసపోయినా చేరేది ఒక్క చోటికే. కాకపోతే మోసగాడు అడ్వాన్సు అడగడు.

ఇక ఆ ప్యాలెస్. చవక ప్యాకేజీల్లో చాలావాటిలో అది ఉండదు, విదేశీయుడికి టికెట్టు 500 బాత్‌లు మరి. ఆ ఆవరణలోనే మరకత బుద్ధుడి గుడి, దాని చుట్టూ ఉన్న మంటపాల గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం మొత్తం ఉంది. రామాకియన్ అంటారు. అందులో సీత రావణుడి కూతురే. అక్కడి హనుమంతుడు బ్రహ్మచారి అసలే కాడు. వారధికి వేసిన రాళ్లను రావణుడి మరో కూతురు, మత్స్యకన్య, ఎత్తుకుపోతుంటే పట్టుకోవడానికి సముద్రంలో దూకి, ఆమెతో ప్రేమలో పడి, వారధి సంగతి ఆ తరువాత చూసుకున్నాడు. ఏ దంపతులకైనా హోటల్‌కి తిరిగొచ్చాక ఒక రాత్రంతా వాదులాడుకోవడానికి చాలిన సరుకిది. మంగళవారం ఆకుపూజ చేయించే ఇల్లాలు ఆ గోడ ముందు నిలబడి ఏమంటుందో వినాలని నాకు ఎంతో ఆశ. వినే యోగం లేదు. ఆవిడ ఆ సమయానికి నీలం రాయి ఉంగరం వేలికి పట్టిందో లేదో చూసుకుంటోంది.

పోనీ, నది దాటి వాట్ అరుణ్‌కైతే వెళ్తారుగా అంటే, వెళ్తారు. చైనా పింగాణీ ముక్కలు పొదిగిన ఆ గోపురాన్ని దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో పువ్వూ విరిగిన పళ్లెం ముక్కలతో ఎలా అతికారో తెలుస్తుంది. చూసే తీరిక ఏదీ? వీధిలో అద్దెకు దొరికే థాయ్ పట్టుబట్టలు కట్టి, కిరీటం పెట్టి, ఆవిడ మెట్ల మీద. ఆయన మెట్ల కింద, ఎండలో, ఒంటి మోకాలి మీద. "ఇంకొంచెం కిందికి వంగండి, కాళ్లు పొట్టిగా పడుతున్నాయి." గోపురానికి ఆయన వీపే కనపడింది, ఆయనకు గోపురం కనపడలేదు. తిరిగొచ్చాక ఆల్బమ్‌లో ఆయన జాడ నీడ రూపంలో రెండుచోట్ల ఉంటుంది. జంట యాత్ర అంటే ఒకరు వెళ్లడం, ఇంకొకరు మోయడం.

భోజనం సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. సోమ్ తమ్ అని పచ్చి బొప్పాయి తురుముని మిరపకాయలు, వెల్లుల్లి, పల్లీలు, నిమ్మరసం వేసి రోట్లో దంచి ఇస్తారు. రోటిపచ్చడి మా సొత్తని మురిసే జాతి అక్కడ ఆగి ఒక ముద్ద నోట్లో వేసుకోవాలా వద్దా? "బాబోయ్, ఏదో నీచు వాసన!" ఎండు రొయ్యలవి. ఇంట్లో వంకాయతో కలిపి వండితే లొట్టలేసుకునే అవే ఎండు రొయ్యలు! అవి దేశం దాటగానే కంపు కొడతాయి. సాయంత్రం చావో ఫ్రయా నది మీద డిన్నర్ క్రూయిజ్‌లో మాత్రం పరమానందం. ఇండియన్ బఫే, హిందీ పాటల డీజే. హైదరాబాద్ పెళ్లిలో "మళ్లీ పనీరేనా" అని ఈసడించిన మనిషే థాయ్ నది నడిమధ్య పనీరు రెండోసారి వడ్డించుకుని "అచ్చం మన ఇంట్లోలాగే ఉంది" అని కళ్లు మూసుకుంటాడు. పడవ కింద ఏ నది పారితే ఏం?

ఇవన్నీ టికెట్టు కొనాల్సినవి, వండి పెట్టాల్సినవి. ఆ బాధ లేనిదీ ఒకటుంది. ఊరి నడిబొడ్డున ఎర్రటి పెద్ద ఉయ్యాల స్తంభాల పక్కన థాయ్ రాజు మొదటి రాముడు 1784లో కట్టించిన బ్రాహ్మణ దేవాలయం ఉంది. ప్రమాదాల వల్ల ఉయ్యాల ఊగడం 1935లో ఆపేశారు గాని, ఆస్థాన బ్రాహ్మణులు ఏటా చలికాలంలో ఆ ఉయ్యాల పండుగ క్రతువు జరుపుతూనే ఉన్నారు. అందులో చదివే పద్యాలు తిరువెంబావై, తిరుప్పావైల నుంచి వెళ్లినవే, ఉచ్చారణ థాయ్ గొంతులో అరిగిపోయినా. ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి ఇంటిల్లిపాదికీ ఆండాళ్ పాశురాలు వినిపించే మామ్మగారి మనవరాలు, క్రిస్మస్ సెలవులకు బ్యాంకాక్ వెళ్లి, ఆ వీధిలో మామిడిపండు అన్నం తిని, స్టోరీ పెట్టి, ఉయ్యాల స్తంభాలను ఏదో వంతెన తాలూకు మిగులు అనుకుని వచ్చేస్తుంది.

ప్యాలెస్ నుంచి కాస్త నడిస్తే జాతీయ మ్యూజియం. అక్కడి పాత రాజ్యమైన ద్వారవతి కాలపు బుద్ధులు వరుసగా నిలబడి ఉంటారు. తొలినాటి ఆ శిల్పం మీద మన అమరావతి ప్రభావం ఉందని కళాచరిత్రకారులు రాస్తారు. కృష్ణా ఒడ్డు నుంచి కదిలిన ఆ రూపం సముద్రం దాటి అక్కడ కొత్త ముక్కు, కొత్త పెదవులు తెచ్చుకుంది. మన జంటకు చుట్టరికం కలిసే ఇల్లు ఆ ఊళ్లో ఏదైనా ఉందంటే అదే. సోమ, మంగళవారాల్లో మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి. జెమ్స్ గ్యాలరీకి మాత్రం సెలవున్నట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.