వంగితే ఒక రేటు, నిలబడితే ఒక రేటు

మా రాజుపాలెం మండలంలో ఆడా మగా తేడా లేదు. ఎండ ఇద్దరికీ ఒకటే. నల్లరేగడి బురద ఇద్దరి కాళ్లకూ ఒకే తీరుగా పడుతుంది. తేడా అంతా సాయంత్రం కూలి డబ్బులు లెక్కపెట్టేటప్పుడే.

ఒకే పనికి ఆడా మగా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. మావాళ్లు చట్టమంటే గౌరవమున్న మనుషులు. అందుకే ఒకే పని అనేదే లేకుండా చూసుకున్నారు. వంగి చేసేది ఆడపని, నిలబడి చేసేది మగపని. కలుపు తీయడం, శనగ పీకడం వంగే పనులు కాబట్టి తేలిక పనులు. మందు కొట్టడం, మూటలెత్తడం నిలబడే పనులు కాబట్టి బరువు పనులు. మూట భుజం మీద ఉండేది కాసేపే, నడుము వంగి ఉండేది పొద్దంతా. అయినా బరువు అన్నాక బరువే. పత్తి ఒక్కటే చిక్కు. కిలోల లెక్కన ఏరితే తక్కెడకు ఆడా మగా తెలియదు. అందుకేనేమో, అక్కడికి మగోళ్లు పెద్దగా రారు.

"మాకు తక్కువేంది సామీ?" అని ఒకామె అడిగింది.

"మగోడు ఇల్లు సాకాల గదమ్మా" అన్నాడు రైతు.

ఆమె మొగుడు ఆ పొద్దు ఏ అంగడి ముందరున్నాడో ఇద్దరికీ తెలుసు.

2023లో అమెరికా ఆవిడ క్లాడియా గోల్డిన్‌కు ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. ఈ కూలి తేడా ఎందుకో తేల్చడానికి ఆమె 200 ఏళ్ల లెక్కలు తిరగేసింది పాపం. మా రచ్చకట్ట మీద ఒక పూట కూర్చున్నా సరిపోయేది.

ఇక ప్రమోషన్లు. పదహారేళ్లకు కలుపులో దిగిన పిల్ల ముప్పయ్యేళ్ల సర్వీసుకు సీనియర్ కలుపు అవుతుంది. ఆమెతో దిగిన పిల్లోడు మేస్త్రీ అయి, ట్రాక్టరెక్కి ఉంటాడు.

నడుముల బాధ సైన్సుకూ తెలిసింది. మిషన్ కోతకు అందేలా నిటారుగా పెరిగే శనగ, ఎన్‌బీఈజీ 47, పక్కనే నంద్యాల పరిశోధన కేంద్రంలో పుట్టింది. వంగే పని కాస్తా కూర్చునే పనైంది. మిషన్‌కు సీటు ఒకటే కదా, మగాయన కూర్చున్నాడు. ఆడోళ్లకు నడుము నొప్పి పోయింది, కూలీ పోయింది.

మందు కొట్టే డ్రోన్లు 15,000 ఆడోళ్ల సంఘాలకు ఇస్తామని 2023లో కేంద్రం చెప్పింది. అంటే ఆ బరువు పని ఇక ఆడదాని వేలి కిందికొస్తుందన్నమాట. డ్రోన్ ఇంకా ఊళ్లో దిగనేలేదు, రచ్చకట్ట మీద రేటు మాత్రం తేలిపోయింది.

"మీట నొక్కడమే గదా, దానికి మగకూలి ఎందుకబ్బా?"