చూసి కొట్టన్నా!

మారుతి 800 సైలెన్సర్ నీలం పొగ వదలడం మొదలెట్టగానే ఇంట్లో రెండు పార్టీలు పుడతాయి. బండిని షెడ్డులో పడేద్దామనేది పెద్దల పార్టీ. ఇంజిన్ మనమే విప్పుదాం, యూట్యూబులో అంతా ఉందనేది కుర్రాళ్ల స్వయంపాక పార్టీ. జెండాలు వేరైనా మేనిఫెస్టో ఒక్కటే: దేన్నీ కొలవకపోవడం.

షెడ్డు సంగతి ముందు చూద్దాం. మేస్త్రి గారు బానెట్ ఎత్తించి, కుర్రాణ్ణి రేస్ చెయ్యమంటారు. పొడుగు స్క్రూడ్రైవర్ కొసని ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. ధ్యానం ముగిశాక తీర్పు వెలువడుతుంది. "హాఫ్ ఇంజినే అనుకున్నా సార్. ఇది ఫుల్ ఇంజిన్. దించాల్సిందే."

ఆ విద్యని నేను వెక్కిరించడం లేదు. బేరింగ్ మోతనీ ట్యాపెట్ మోతనీ వేరుచేసి చెప్పగల చెవులు విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కాని రింగులు ఎంత అరిగాయో ఏ చెవికీ వినపడదు. దానికి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ బిగించి సెల్ఫ్ కొట్టాలి. ఒక అంకె వస్తుంది. అదే రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. అంకె గట్టిగా పెరిగిందా, తప్పు రింగులదో బోరుదో. పెరగలేదా, వాల్వుల్నీ హెడ్ గ్యాస్కెట్‌నీ అనుమానించాలి. రాత్రంతా నిలబడిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని పొగ వదిలి, తర్వాత బుద్ధిగా ఉంటే, దోషి చవక రబ్బరు వాల్వ్ సీలు కావచ్చు. అప్పుడు ఇంజిన్ దించే పనే ఉండదు. ఇంజిన్ దిగకపోతే బిల్లు ఎక్కదు, అందుకే గేజ్ అలమరలోంచి బయటకి రాదు.

ఆ బిల్లు కూడా చూసి తీరాల్సిన వస్తువే. సిగరెట్ పెట్టె అట్ట మీద నాలుగు పద్దులు: లేబర్, సామాను, లేత్, ఇతరములు. ఏ సిలిండర్ ఎంత అరిగింది, ఏ సైజుకి బోర్ కొట్టారు అన్నది అందులో వెతక్కండి. గ్యారంటీ ఏమిటని అడిగారా, "నా మాటే గ్యారంటీ సార్" అంటారు. మాట అట్ట మీద పట్టదు కదా.

ఇక స్వయంపాక వీరుడు. ఆన్‌లైన్‌లో సాకెట్ సెట్ దిగుతుంది. బ్లాకుని ఇటుకల మీద నిలబెట్టి తీసిన ఫొటో స్టేటస్‌లోకి ఎక్కుతుంది. పోర్టికోలో పిస్టన్లు పాత పేపరు మీద ఆరుతుంటాయి. కనెక్టింగ్ రాడ్ల క్యాపులన్నీ ఒకే డబ్బాలో గలగలలాడుతుంటాయి. ఏ క్యాపు ఏ రాడ్డుతో జతగా తయారైందో దానికే బిగించాలని, తారుమారైతే బేరింగ్ కూర్చోదని వీడియోలో చెప్పారు. మనవాడు ఆ ముక్కని స్కిప్ చేశాడు. హెడ్ బోల్టులు మధ్యలోంచి బయటికి, వరసగా, విడతలు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. "చేతికి తెలిసిపోద్ది బాబాయ్" అంటాడు. చేతికి తెలిసింది హెడ్‌కి తెలియక, నెలలోపే రేడియేటర్‌లో బుడగలు.

ఆ మూడు సిలిండర్ల బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. కలిపితే 796 సీసీ. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు తల వెంట్రుక మందం కంటే తక్కువ. దాన్ని తేల్చడానికి వీరుడు తమ్ముడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చాడు.

అసలు తమాషా ఇక్కడుంది. బోర్ కొట్టడం ఇంట్లో అవదు, మేస్త్రి షెడ్డులోనూ అవదు. రెండు పార్టీల బ్లాకులూ ఆటో ఎక్కి అదే లేత్ షాపుకి చేరతాయి. అక్కడ నూనె గుడ్డ భుజాన వేసుకున్న మనిషి మైక్రోమీటర్ తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు: "ఎంత సైజుకి? 0.25 కా, 0.50 కా? పిస్టన్లు తెచ్చారా?" పిస్టన్లు ముందుంటేనే వాటిని కొలిచి, ఆ కొలతకి తగ్గట్టు బోర్ తీస్తాడు. మేస్త్రి పంపిన కుర్రాడు చెప్పే జవాబూ, వీరుడు చెప్పే జవాబూ అక్షరం తేడా ఉండవు. "నువ్వే చూసి కొట్టన్నా." మొత్తం వ్యవహారంలో కొలిచినవాడు ఆయనొక్కడే. బిల్లులో చిన్న పద్దు కూడా తరచుగా ఆయనదే.

మరి ఎవరిచేత చేయించాలంటారా? అరుగుదల అంకెలు కాగితం మీద రాసిచ్చేవాడి చేత. అలాంటి షెడ్లు లేకపోలేదు. మేస్త్రి నొచ్చుకుంటాడని మనమే అడగం. ముప్పై వేలు ఇవ్వడానికి లేని మొహమాటం మూడంకెలు అడగడానికి ముంచుకొస్తుంది.

పైగా ఈ బండి తయారీ ఆగిందే 2014లో. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కి పెంచింది. ఇంజిన్ ఖర్చు బండి ధరని మించుతున్నా "నాన్న కొన్న బండి" అంటూ కళ్లు తుడుచుకునేవాళ్లు, ఖర్చులో తన వాటా ఎంతని తమ్ముడు అడిగేసరికి తేరుకుంటారు.

అప్పుడు మూడో దారి తెరుచుకుంటుంది. చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ నింపి, పొగ తగ్గిస్తుందనే సీసా ఒకటి అందులో ఒంపితే, పొగ కొన్నాళ్లు అణిగుంటుంది. ఆ కొన్నాళ్లలోనే ప్రకటన పడుతుంది: సింగిల్ ఓనర్, డాక్టర్ వాడిన బండి, ఇంజిన్ కొత్తగా చేయించాం. చూడ్డానికి వచ్చినాయన టైర్లు తన్ని, తలుపులు వేసి తీసి, "లీటరుకి ఎంతిస్తది?" అని అడుగుతాడు. పెట్రోల్‌కా, ఆయిల్‌కా అని మనవాడు నోరు జారకుండా ఉంటే చాలు.