అంతా ఆమె మంచికేనట!

ఢిల్లీలో ఆడవాళ్ల ఎదుగుదలకు అడ్డుపడ్డ మగవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. అనుమానముంటే ఫైళ్లు తిరగేసుకోండి. ‘ఆడమనిషి కాబట్టి వద్దు’ అని ఎక్కడా కనిపించదు. ‘పాపం, ఆమె ఇబ్బంది పడుతుంది’ అనే ఉంటుంది. డెబ్బై అయిదేళ్లుగా ఈ రాజధాని స్త్రీజాతి మీద బెంగ పెట్టుకుని, కష్టమైన కుర్చీలన్నిటి బరువూ తన నెత్తినే వేసుకుంది. ఆ త్యాగాన్ని ఇంతవరకూ సరిగ్గా మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ బాకీ ఇవాళ తీర్చేద్దాం.

ముందు విదేశాంగ శాఖ నడిచిన సౌత్ బ్లాక్ మెట్లెక్కుదాం. ఇండియన్ ఫారిన్ సర్వీసులో అడుగుపెట్టిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. కొడగు ఆడపడుచు, 1949 బ్యాచ్. పరీక్ష నెగ్గి ఇంటర్వ్యూకి వెళ్తే, ఈ సర్వీసు నీకెందుకమ్మా అని నచ్చజెప్పబోయారట పెద్దలు. ఆమె వినలేదు. సరే, పెళ్లి చేసుకుంటే రాజీనామా ఇస్తానని రాయించుకుని మరీ చేర్చుకున్నారు. 1961లో రూల్సు అచ్చయ్యేనాటికి ఈ వాత్సల్యం ఇంకా చిక్కబడింది. మహిళా అధికారి పెళ్లాడాలంటే ముందుగా సర్కారు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. పెళ్లయ్యాక ఇల్లూ సంసారమూ ఉద్యోగానికి అడ్డొస్తున్నాయని సర్కారుకు తోస్తే ఎప్పుడైనా రాజీనామా అడగొచ్చు. ఇక పెళ్లయిన స్త్రీకి ఆ సర్వీసులో చేరే హక్కే లేదు.

ఆ అనుమతి ఫైలు ఎలా నడిచి ఉంటుందో ఊహించుకోండి. అండర్ సెక్రటరీ వరుడి వివరాలతో నోట్ పెడతాడు. డిప్యూటీ సెక్రటరీ ‘చర్చించగలరు’ అని పక్కన రాస్తాడు. ఆర్థిక శాఖ అభిప్రాయం కూడా తీసుకుంటే మంచిదేమోనని జాయింట్ సెక్రటరీకి సందేహం వస్తుంది. ఫైలు పైకెళ్లి కిందికొచ్చేసరికి వరుడికి వేరే సంబంధం కుదిరి, బారసాల కూడా అయిపోయి ఉంటుంది.

ముత్తమ్మ 1970లో హంగరీకి రాయబారిగా వెళ్లారు. దేశం తరఫున అలా రాయబారి అయిన మొదటి సర్వీసు మహిళ ఆవిడే. పై గ్రేడు ప్రమోషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘యోగ్యత చాలదు’ అన్నారు. ఆవిడ సుప్రీంకోర్టుకెక్కారు. విచిత్రమేమిటంటే, కేసు పడ్డాక కొద్ది నెలల్లోనే అదే మనిషిలో యోగ్యత పుట్టుకొచ్చింది, ప్రమోషనూ వచ్చింది! 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఊరుకోలేదు. సంసారం ఆడమనిషి ఉద్యోగానికి అడ్డమైతే మగవాడి ఉద్యోగానికి కాదా అని నిలదీశారు. ఆ రూల్సు తీసేస్తున్నామని సర్కారు కోర్టులోనే ఒప్పుకోవాల్సి వచ్చింది. అయినా విదేశాంగ కార్యదర్శి కుర్చీలో మొదటిసారి ఒక మహిళ, చోకిలా అయ్యర్, కూర్చునేసరికి 2001 వచ్చింది. దానికి పై మెట్టు క్యాబినెట్ సెక్రటరీ. ఆ పదవి పుట్టింది 1950లో. దాని బరువు ఇప్పటిదాకా ఏ ఆడమనిషి మీదా పడకుండా మగవాళ్లే కాచుకొస్తున్నారు.

అదంతా పాతకాలపు ముచ్చట అంటారేమో. సైన్యం దగ్గరికి రండి. వైద్య విభాగాలు కాక మిగతా శాఖల్లోకి మహిళా అధికారులను తీసుకోవడం 1992లో మొదలైంది, అయిదేళ్ల కోసమని. ఆ అయిదు పదైంది, పద్నాలుగైంది, రిటైరయ్యేదాకా కొనసాగనిచ్చే పర్మనెంట్ కమిషన్ మాత్రం చాలామందికి రాలేదు. ఇవ్వమని 2010 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. కేంద్రం అప్పీలుకు వెళ్లింది. తీర్పు మీద స్టే లేదని సుప్రీంకోర్టు చెప్పినా ఫైలు కదల్లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఆ పూజారి అదే సౌత్ బ్లాక్‌లో, రక్షణ శాఖలో ఉండేవాడు.

ఇంతకీ సుప్రీంకోర్టులో వినిపించిన వాదన ఏమిటి? మన జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లు, ఆడమనిషి కమాండ్ కింద పనిచెయ్యడానికి మానసికంగా ఇంకా సిద్ధపడలేదు అని. ఆహా! సియాచిన్ మంచులో నెలల తరబడి నిలబడగలిగిన మనిషి, ‘సావధాన్’ అని ఆడగొంతు వినపడగానే కుప్పకూలిపోతాడన్నమాట. ఆ పల్లెటూరి కుర్రాడు పుట్టింది మొదలు బతికింది అమ్మ ఆర్డర్ల మీదేనని ఆ వాదన రాసినవారికి ఎవరూ గుర్తుచేయలేదు. కేంద్రం అప్పీలుకు వెళ్లిన 2010లో త్రివిధ దళాలకూ సుప్రీం కమాండర్ ఎవరో తెలుసా? రాష్ట్రపతి ప్రతిభా పాటిల్. కేసు నడుస్తుండగానే మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ రెండేళ్లకు కాస్త తక్కువగా రక్షణమంత్రిగా చేశారు. పల్లెటూరి జవానుకు అప్పుడు ఏమీ కాలేదు. మొత్తం సైన్యానికి ఆడమనిషి అధిపతి అయినా తట్టుకున్నవాడు, ఒక్క బెటాలియన్‌కు కర్నల్ అయితే తట్టుకోలేడట. పాపం, వాడి పేరు చెప్పి ఎవరి గుండెదడ దాచుకున్నారో!

2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదనను చెత్తబుట్టలో వేసింది. సైన్యంలో మహిళలు ఏం సాధించారో తీర్పులోనే జాబితా ఇచ్చింది. అందులో ఒక పేరు సోఫియా ఖురేషి. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ గురించి ఢిల్లీలో దేశానికి వివరించడానికి సైన్యం తన తరఫున కూర్చోబెట్టింది ఆవిడనే. కెమెరాల ముందుకు పంపేటప్పుడు పల్లెటూరి మనోభావాల ప్రస్తావన రాలేదు.

తీర్పు వచ్చాక మాత్రం అయిపోయిందా? శారీరక దారుఢ్యం అన్నారు. మగ అధికారులకు కుర్రతనంలో పర్మనెంట్ కమిషన్ ఇచ్చేటప్పుడు చూసే ఫిట్‌నెస్ కొలతనే, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిప్పి, నలభై దాటాక ఈ ఆడవాళ్లకు పెట్టారు. ఆలస్యం చేసింది వాళ్లే, వయసు మళ్లిందన్నదీ వాళ్లే. 2021 మార్చిలో మళ్లీ సుప్రీంకోర్టే అడ్డుపడి ఇది అన్యాయమని చెప్పాల్సి వచ్చింది.

ఇక ప్రైవేటు రంగం సంగతి. గురుగ్రామ్ సైబర్ సిటీలో ఉద్యోగం చేసే మా గుంటూరు అమ్మాయి ఒకరున్నారు. కంపెనీ పేరెందుకు లెండి, అక్కడి అద్దాల మేడలన్నీ ఒకటే. చేతికింద నలభైమంది, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆమె బాసు ఆమెను ‘బేటా’ అంటాడు. ఆమెకన్నా ఆరేళ్లు చిన్నవాడైన పక్క టీమ్ లీడర్ని ‘బాస్’ అంటాడు. రాత్రి ఏడున్నరకు అమెరికా కాల్. ఎనిమిదిన్నరకు చర్చ మంచి పాకాన పడేసరికి సెక్యూరిటీ గార్డు తలుపు తోసి తల లోపలికి పెడతాడు: ‘మేడమ్, గాడీ లగ్ గయీ.’ క్యాబ్‌లో గార్డుండాలి, ఆడవాళ్లను ఆఖరున దించకూడదు, కాబట్టి రోస్టరు తప్పడానికి వీల్లేదు. ‘వెళ్లు బేటా, పిల్లలు ఎదురుచూస్తుంటారు’ అని బాసే లేచి దారిస్తాడు. ఆయన పిల్లలు ఎవరికోసమూ ఎదురుచూడరు కాబోలు.

ఆమె క్యాబ్ నోయిడా దారి పట్టగానే మిగిలినవాళ్లు కిందికి దిగి సిగరెట్లు వెలిగిస్తారు. ఏ ప్రాజెక్టు ఎవరికి, లండన్‌కు ఎవరు, వచ్చే ఏడు డైరెక్టర్ ఎవరు, అన్నీ ఆ పొగలోనే తేలిపోతాయి. మర్నాడు మినిట్స్ రాసే పని మాత్రం ఆమెదే, ఇంగ్లీషు బాగుంటుందని.

ఏడాది చివర అప్రైజల్‌లో ‘పని బ్రహ్మాండం, విజిబిలిటీ కొంచెం తక్కువ’ అని వచ్చింది. లండన్ మాటేమిటని అడిగితే బాసు నొచ్చుకున్నాడు. ‘చిన్నదానికి పరీక్షలు కదా బేటా, నిన్నెందుకు ఇబ్బందిపెట్టాలని మేమే నీ పేరు తీసేశాం.’ చిన్నదాని పరీక్షలెప్పుడో కన్నతండ్రికి తెలియదు, కంపెనీకి తెలుసు! మార్చి 8న అందరితో పాటు ఆమెకూ ఒక గులాబీ పువ్వు ఇచ్చారు.

గార్డునో క్యాబునో నేను తప్పుపట్టడం లేదు. ఢిల్లీ రాత్రులు ఎలాంటివో అందరికీ తెలుసు. నా బాధల్లా ఆ భద్రత లెక్క ఎప్పుడూ ఆమె ఖాతాలోనే పడటం. 2012 మార్చిలో గుర్గావ్‌లో పబ్బులో పనిచేసే యువతి మీద సామూహిక అత్యాచారం జరిగింది. వెంటనే జిల్లా యంత్రాంగం కదిలింది. రాత్రి ఎనిమిది దాటాక ఆడవాళ్లతో పనిచేయించాలంటే కార్మిక శాఖ అనుమతి ఉండాలని మాల్స్‌కూ పబ్బులకూ చెప్పింది. నేరం చేసింది మగవాళ్లు, పొద్దుగూకగానే ఇంటికి పొమ్మన్నది ఆడవాళ్లను.

ఢిల్లీ దుకాణాల చట్టం మరీ ముద్దొస్తుంది. 1954 నాటిది. వేసవిలో రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా, చలికాలంలో రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఆడవాళ్లతో పనిచేయించరాదు. శీలానికి కూడా వాతావరణ సూచన చూసుకున్నారు. అదే చలిలో, అదే ఊళ్లో, నర్సమ్మలు తెల్లవార్లూ వార్డుల్లో తిరుగుతుంటే ఎవరికీ బెంగ కలగలేదు. సెలైన్ మార్చడానికి రాత్రి ఆడమనిషి కావాలి, షాపులో గల్లా తాళంచెవి పట్టుకోవడానికి వద్దు. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే రాత్రి కూడా పనిచేయొచ్చని ఈ రూలు సడలించేసరికి 2025 వచ్చింది. మద్యం వడ్డించే చోట పాతికేళ్లు నిండని కుర్రాళ్లనూ, ఏ వయసు ఆడవాళ్లనైనా పెట్టకూడదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం ఒకటి ఢిల్లీలో అమల్లో ఉండేది. కుర్రాడు పాతికేళ్లకు పెద్దవాడవుతాడు, ఆడది ఎప్పటికీ కాదు. ఆ నిబంధనను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2007లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. మంచి చట్టమే. ఆ జీతం మొత్తం కంపెనీయే భరించాలన్నారు, సర్కారు పైసా ఇవ్వదు. దాంతో హెచ్చార్ వాళ్లు ఇంటర్వ్యూలో ‘ఊరికే అడుగుతున్నాం, పెళ్లెప్పుడు?’ అంటున్నారు. ముత్తమ్మ చేత కాగితం రాయించుకున్న రోజులే నయం, కనీసం రుజువుండేది.

లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. అర్హులైన ఆడవాళ్లు దేశంలో దొరకడం లేదని అప్పటిదాకా వాపోతున్న ప్రమోటర్లలో చాలామందికి, 2015లో గడువు ముంచుకొచ్చేసరికి, సొంత డైనింగ్ టేబుల్ దగ్గరే దొరికారు. భార్య, చెల్లెలు, కూతురు. ఒక ఇంట్లో దొరక్కపోతే అత్తగారింట్లో. చివరికి సెబీ కళ్లు తెరిచి, 2019 నుంచి పెద్ద కంపెనీల్లో ‘ఇండిపెండెంట్’ మహిళా డైరెక్టరే ఉండాలని షరతు పెట్టింది.

ఇన్ని తీర్పులిచ్చిన సుప్రీంకోర్టు తన ఇల్లు ఎలా చక్కబెట్టుకుందో కూడా చూడాలి కదా. 1950లో మొదలైన కోర్టుకు మొదటి మహిళా జడ్జి ఫాతిమా బీవీ వచ్చింది 1989లో. 2025 దాకా మొత్తం మీద వచ్చింది పదకొండుమంది. 2025 జూన్‌లో జస్టిస్ బేలా త్రివేది రిటైరయ్యేసరికి, 34 మంది పట్టే కోర్టులో జస్టిస్ నాగరత్న ఒక్కరే మిగిలారు. ఫాతిమా బీవీ ప్రమాణం చేసిన రోజున ప్రధాన న్యాయమూర్తి ఈ నాగరత్నగారి తండ్రి వెంకట్రామయ్యే. సీనియారిటీ వరస తప్పకపోతే ఈవిడ 2027 సెప్టెంబరులో దేశపు మొదటి మహిళా చీఫ్ జస్టిస్ అవుతారు. ఎన్నాళ్లపాటంటారా? 36 రోజులు. మధ్యలో దసరా సెలవులు ఉండనే ఉంటాయి.

పార్లమెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1996లో మొదటిసారి పెట్టిన మహిళా రిజర్వేషన్ బిల్లు చివరికి 2023లో చట్టమైంది. జనగణన, ఆ తర్వాత డీలిమిటేషన్ అయ్యాకే అమలని అందులోనే మెలిక పెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

న్యాయంగా చెప్పాలంటే ఢిల్లీ ఒక కుర్చీ విషయంలో మాత్రం ధారాళంగా ఉంది. ముఖ్యమంత్రి కుర్చీ. సుష్మా స్వరాజ్, షీలా దీక్షిత్, ఆతిశి, ఇప్పుడు రేఖా గుప్తా. నలుగురు! పోలీసులూ భూమీ కేంద్రం చేతిలో ఉండి, తతిమ్మా పనులకు లెఫ్టినెంట్ గవర్నర్‌తో పేచీ పడే కుర్చీ కాబట్టి ఇచ్చారేమోనని గిట్టనివాళ్లు అంటారు. 1998లో ఉల్లిపాయల ధర మండిపోయి పార్టీ మునిగిపోతుండగా సుష్మను తెచ్చి కూర్చోబెట్టారు, ఎన్నికలకు వారాల ముందు. 2024లో ఆతిశి పగ్గాలు చేపట్టిన రోజున కేజ్రీవాల్ కుర్చీని ఖాళీగా ఉంచి, పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుని, రాముడి పాదుకలు పెట్టి ఏలిన భరతుణ్ని తలుచుకున్నారు. మగ ముఖ్యమంత్రి ఎవరైనా పక్కన ఆడమనిషి కుర్చీ ఖాళీగా పెట్టి పాలించినట్టు నేను ఎక్కడా వినలేదు. షీలా దీక్షిత్ ఒక్కరే వరసగా పదిహేనేళ్లు దర్జాగా ఏలి ఈ లెక్కంతా పాడుచేశారు.

ఆంధ్రా భవన్ క్యాంటీన్లో గోంగూర పచ్చడి కలుపుకుంటూ ఈ కథలన్నీ చెప్పుకుని, ఉత్తరాది మగవాళ్లు ఇంతేనని మనం నవ్వుకుంటూ ఉంటాం. మన ఘనతకు సాక్ష్యంగా దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉండనే ఉన్నారు. రాజమండ్రి ఆడపడుచు, రాజ్యాంగ సభ సభ్యురాలు. ఢిల్లీ మెట్రోలో ఆవిడ పేరిట ఒక స్టేషన్ కూడా ఉంది, పింక్ లైన్ మీద. అలాంటి ఆడబిడ్డను దేశానికిచ్చిన జాతి అని ఛాతీ విరుచుకుంటాం. నవ్వడం అయ్యాక ఒక్క లెక్క చూసుకోండి. ఢిల్లీకి నలుగురు మహిళా ముఖ్యమంత్రులు వచ్చారు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది మొదలు ఇవాళ్టి రెండు రాష్ట్రాల దాకా, మన దగ్గర ఒక్కరూ లేరు.